ఇస్లాం సంస్కరణోద్యమాల అధ్యాయం గురించి పాఠ్యపుస్తక రచయితలకు బహిరంగ లేఖ

చరిత్ర పాఠ్యపుస్తకాల రచనా సంఘాల సభ్యులకు, సంపాదకులకు నమస్కారం.

ఆధునిక యుగంలో ముస్లిం సమాజాల్లో సాగిన సంస్కరణోద్యమాలను మన పాఠ్యపుస్తకాలు చెప్పే తీరు గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను చాలా ఏళ్ళుగా చరిత్ర బోధిస్తున్నాను. ఈ అధ్యాయం వచ్చినప్పుడల్లా పిల్లల ముందు ఉండేది ఒక పట్టిక. ఉద్యమం పేరు, స్థాపకుడు, సంవత్సరం, ఆశయం అనే నాలుగు గడులు. వహాబీ ఉద్యమానికి ఎదురుగా ‘మత ప్రక్షాళన’, అలీగఢ్ ఉద్యమానికి ఎదురుగా ‘ఆధునిక విద్య’, దేవ్‌బంద్‌కు ఎదురుగా ‘సంప్రదాయ విద్య’ అని రాసి ఉంటుంది. పరీక్షలో మార్కులకు అది చాలు. కానీ కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థిని ఆ పట్టికను కాసేపు చూసి, వీళ్ళందరూ మళ్ళీ ఖురాన్ దగ్గరికే వెళ్దామన్నారు కదా, ఒకే మాట అన్నవాళ్ళలో కొందరు అభ్యుదయవాదులు, కొందరు ఛాందసులు ఎట్లా అయ్యారు అని అడిగింది. పుస్తకంలో దానికి జవాబు లేదు. ఆ రోజు నా దగ్గరా లేదు. ఆ జవాబు కోసం తర్వాతి ఏళ్ళలో చదివినది, ఆలోచించినది మీ ముందు పెడుతున్నాను.

నాకు అర్థమైనంతలో, ఈ ఉద్యమాలన్నింటి అడుగునా ఉన్నది ఒకే వివాదం. గ్రంథాన్ని చదివే హక్కు ఎవరిది, దానికి అర్థం చెప్పే హక్కు ఎవరిది అన్నదే ఆ వివాదం. శతాబ్దాలుగా ఆ హక్కు మద్రసాల్లో ఏళ్ళ తరబడి అరబీ వ్యాకరణం, హదీసు (ప్రవక్త మాటల, చేతల సంకలనం), న్యాయశాస్త్రం అభ్యసించిన ఉలమాల చేతిలో ఉండేది. సామాన్యుడు తన ప్రాంతంలో చెల్లుబాటయ్యే న్యాయ సంప్రదాయాన్ని అనుసరించేవాడు. దీన్ని తఖ్లీద్ అంటారు. పూర్వుల నిర్ణయం దగ్గర ఆగిపోకుండా మూలగ్రంథాల నుంచి నేరుగా తర్కించి నిర్ణయానికి రావడం ఇజ్తిహాద్. తఖ్లీద్ బంధాన్ని సడలించాలని, ఇజ్తిహాద్ తలుపు తెరవాలని పట్టుబట్టినవాళ్ళే సంస్కర్తలు. అయితే ఆ తలుపు ఒకసారి తెరుచుకున్న తర్వాత లోపలికి ఎవరు వస్తారో నిర్ణయించే అధికారం తెరిచినవాళ్ళకు లేకుండా పోయింది. ఆడపిల్లల బడి పెట్టినవారు, సమాధులు కూల్చినవారు, వలస పాలనను ఎదిరించినవారు, రాజ్యాన్నే మతానికి సాధనం చేయాలనుకున్నవారు, అందరూ ఆ ద్వారం గుండానే వచ్చారు. ఈ సంగతి చెప్పకుండా అధ్యాయం రాస్తే పిల్లలకు మిగిలేవి పేర్లు, తేదీలే.

మొదటగా, సంస్కరణ అనేది ఐరోపా పాలన వచ్చాక ముస్లింలు అరువు తెచ్చుకున్న ఆలోచన అనే భావన మన పుస్తకాల్లో పరోక్షంగా ఉంటోంది. చెడినదాన్ని చక్కబెట్టడం అనే అర్థంలో ఇస్లాహ్, పాతబడినదానికి తిరిగి జీవం పోయడం అనే అర్థంలో తజ్దీద్ ఆ సంప్రదాయంలో మొదటినుంచీ ఉన్న మాటలు. ప్రతి నూరేళ్ళకూ మతాన్ని పునరుద్ధరించేవారు వస్తారని చెప్పే హదీసు ఒకటి ప్రసిద్ధం. 18వ శతాబ్దిలో ఈ ఆలోచన బలం పుంజుకున్నప్పుడు అరేబియా నడిబొడ్డున యూరోపియన్ పాలకుడు ఎవరూ లేరు.

1703లో ఇద్దరు పుట్టారు. ఢిల్లీ ప్రాంతంలో షా వలీయుల్లా, అరేబియాలోని నజ్ద్‌లో ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహ్హాబ్. ఇద్దరూ మదీనాలో దాదాపు ఒకే పండిత వర్గం దగ్గర హదీసు చదువుకున్నారు. ఇద్దరూ గుడ్డి అనుసరణను విమర్శించారు. ఆ తర్వాత వారి దారులు వేరయ్యాయి. షా వలీయుల్లా ఖురాన్‌ను అప్పటి చదువరుల భాష అయిన పారశీకంలోకి అనువదించాడు. ఆయన కుమారులు రఫీయుద్దీన్, అబ్దుల్ ఖాదిర్ దాన్ని ఉర్దూలోకి తెచ్చారు. న్యాయ సంప్రదాయాల మధ్య ఉన్న భేదాలను తెంచడం కంటే పొత్తు కుదర్చడంపైనే ఆయన మనసు పెట్టాడు. నజ్ద్ పండితుడు 1744లో దిరియా పాలకుడు ముహమ్మద్ ఇబ్న్ సవూద్‌తో ఒడంబడిక చేసుకున్నాడు. బోధ ఒకరిది, కత్తి మరొకరిది. సమాధుల దగ్గర మొక్కులు మొక్కేవారిని, పుణ్యపురుషుల మధ్యవర్తిత్వం కోరేవారిని దైవ ఏకత్వం నుంచి తప్పినవారిగా పరిగణించి, వారిపై యుద్ధం చేయవచ్చన్న నిర్ణయం ఆ పొత్తులో భాగమైంది. దీన్ని వ్యతిరేకిస్తూ రాసిన తొలి వారిలో ఆయన సొంత సోదరుడు సులైమాన్ ఒకడు. 19వ శతాబ్ది మొదట్లో ఆ సేనలు కర్బలాపై పడి మారణకాండ సాగించాయి. 1818లో ఈజిప్టు సైన్యం దిరియాను నేలమట్టం చేసింది. మళ్ళీ 1920లలో సవూద్ వంశం మక్కా, మదీనాలున్న హిజాజ్ ప్రాంతాన్ని గెలిచాక మదీనాలోని బఖీ శ్మశానంలో ఉన్న గోపురాలు కూలిపోయాయి.

ఇంతవరకు చెప్పి ఆపితే, అనువాదం చేసిన ఇల్లు మంచిది, గోపురం కూల్చిన ఇల్లు చెడ్డది అన్న సులువైన తీర్పు వస్తుంది. కానీ షా వలీయుల్లా మనుమడు షా ఇస్మాయీల్ సంగతి చూడండి. ఆయన తేట ఉర్దూలో రాసిన తఖ్వియతుల్ ఈమాన్, దేవుడి మాట అర్థం చేసుకోవడానికి గొప్ప పాండిత్యం అక్కర్లేదని సామాన్యుడికి ధైర్యం చెబుతూ మొదలవుతుంది. ఆ వెంటనే దర్గాల మొక్కులను, పీర్లపై (సూఫీ గురువులపై) నమ్మకాన్ని నిర్దాక్షిణ్యంగా ఖండిస్తుంది. చదివే హక్కును పంచడం, పక్కవాడి భక్తిని కొట్టిపారేయడం ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఆయన గురువు సయ్యద్ అహ్మద్ బరేల్వీ, పెద్దింటి ముస్లిం కుటుంబాల్లో సిగ్గుచేటుగా భావించే వితంతు వివాహాన్ని సమర్థించి, చనిపోయిన తన అన్న భార్యను వివాహం చేసుకుని చూపించాడు. గురుశిష్యులిద్దరూ 1831 మే 6న బాలాకోట్ దగ్గర సిక్కు సైన్యంతో పోరులో మరణించారు. వితంతు వివాహం కోసం పోరాడిన మనిషిని, మతయుద్ధం ప్రకటించిన మనిషిని పట్టికలో వేర్వేరు గడుల్లో వేయలేము.

ఇక్కడే, నజ్ద్ పండితుడి పేరు నుంచి వచ్చిన ‘వహాబీ’ అనే మాట గురించి ఒక విన్నపం. సయ్యద్ అహ్మద్ అనుచరులు తమను ఆ పేరుతో పిలుచుకోలేదు. 1864లో అంబాలాలో, 1865లో పాట్నాలో రాజద్రోహ విచారణలు జరిపిన బ్రిటిష్ ప్రభుత్వం ఆ పేరును నేరానికి మారుపేరుగా వాడింది. ఆ మచ్చను భరించలేక, న్యాయ సంప్రదాయాలను కాదని నేరుగా హదీసును అనుసరించే అహ్లె హదీస్ వర్గం నాయకులు, ప్రభుత్వ పత్రాల్లో తమను ఆ పేరుతో రాయవద్దని అర్జీ పెట్టుకుని 1880లలో దాన్ని సాధించుకున్నారు. ప్రభుత్వమే మానుకున్న పేరును మన పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ శీర్షికగా వాడుతున్నాయి.

బెంగాల్ గ్రామాల్లో ఇదే కాలంలో జరిగినది మరో పాఠం. హాజీ షరీయతుల్లా మక్కాలో సుమారు ఇరవై ఏళ్ళు గడిపి వచ్చి, విధిగా చేయాల్సిన ఫర్జ్‌లను పాటించమని రైతులకు బోధించాడు. ఫరాయిజీలు అన్న పేరు అలా వచ్చింది. ఆయన కుమారుడు దూదూ మియా, భూమి దేవుడిది గనుక దానిపై ఇష్టం వచ్చినట్లు పన్ను వేసే హక్కు ఏ మనిషికీ లేదని అన్నప్పుడు, ఆ మాట జమీందారులకు, నీలిమందు తోటల దొరలకు ప్రార్థన గురించిన మాటలా వినిపించలేదు. బెంగాల్‌లోనే మరో సంస్కర్త, రైతు నాయకుడు తీతూమీర్ అనుచరుల గడ్డాలపై ఒక జమీందారు పన్ను వేశాడు. నారికేల్‌బేరియాలో వెదుళ్ళతో కట్టిన తీతూమీర్ కోట 1831లో ఫిరంగుల ముందు కూలింది. మతశుద్ధి ఎక్కడ ముగిసి రైతు పోరాటం ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పడం కష్టం. ఆ కష్టాన్ని విద్యార్థికి కూడా కనిపించనివ్వండి.

పశ్చిమాఫ్రికా గురించి మన పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా ఉండదు. నాకు అన్నింటికన్నా బాధ కలిగించే లోటు ఇదే. నేటి ఉత్తర నైజీరియాలో ఉస్మాన్ దాన్ ఫోదియో 1804లో మొదలుపెట్టిన యుద్ధం సొకోతో రాజ్యాన్ని స్థాపించింది. భార్యలను, కూతుళ్ళను అజ్ఞానంలో ఉంచి, పగిలేదాకా వాడుకుని పెంటకుప్ప మీద పారేసే పాత్రలా చూస్తున్నారని ఆయన తన కాలపు పండితులను నిందించాడు. ఆయన కుమార్తె నానా అస్మావు (1793–1864) అరబీ, ఫుల్‌ఫుల్దే, హౌసా భాషల్లో కవిత్వం రాసింది. ‘యన్ తారు’ అనే పేరుతో ఆమె స్త్రీల బృందాలను తయారుచేసింది. ఊరూరి నుంచి స్త్రీలు నాయకురాలి వెంట నడిచి ఆమె దగ్గరికి వచ్చేవారు. వినగానే నోటికి వచ్చేలా పద్యరూపంలో ఉన్న పాఠాలు నేర్చుకుని, తిరిగి వెళ్ళి ఊళ్ళోవాళ్ళకు చెప్పేవారు. ఆ నాయకురాలికి అస్మావు ఒక పెద్ద గడ్డి టోపీ ఇచ్చి, దానికి ఎర్ర గుడ్డ చుట్టేది. అలాంటి టోపీ అంతకుముందు స్థానిక బోరీ ఆరాధనలో పూజారిణి అధికారానికి చిహ్నం. పాత విశ్వాసపు గుర్తును తీసుకుని కొత్త చదువుకు గుర్తుగా మార్చిన ఆ చాకచక్యం గురించి నేను చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దంగా వింటుంది. అదే తరగతిలో, ఆ రాజ్యమే 19వ శతాబ్దిలో ప్రపంచంలోని అతిపెద్ద బానిస సమాజాల్లో ఒకటిగా మారిందన్న సంగతి కూడా చెబుతాను. అస్మావు బడికి వచ్చిన స్త్రీలలో కొందరి ఇళ్ళు బానిసల శ్రమతో నడిచేవి. మొదటి విషయం చెప్పి రెండోది దాచినా, రెండోది చెప్పి మొదటిది దాచినా అది చరిత్ర కాదని నా నమ్మకం.

ఇప్పుడు మన పట్టికలో ఎక్కువ మార్కులు తెచ్చిపెట్టే జంట దగ్గరికి వస్తాను. దేవ్‌బంద్ సంప్రదాయం, అలీగఢ్ ఆధునికత అని మనం చెప్పిస్తాం. రెండూ 1857 ఓటమి తర్వాతి నిస్పృహలోంచి పుట్టినవే. 1866లో దేవ్‌బంద్‌లోని ఒక మసీదు ఆవరణలో, దానిమ్మ చెట్టు కింద, ఒక గురువు, ఒక శిష్యుడితో ఆ మద్రసా మొదలైందని చెబుతారు. కొద్ది కాలంలోనే దానికి తరగతి గదులు, నిర్ణీత పాఠ్యక్రమం, ఏటా పరీక్షలు, నమోదు పుస్తకాలు వచ్చాయి. నవాబు ఇచ్చే జాగీరు మీద కాకుండా, సామాన్యులు పంపే చిన్న చిన్న చందాల మీద అది నడిచింది. చందాలు ఇచ్చినవారి పేర్లు ఏటా అచ్చువేసేవారు. పాఠం పాతదే అయినా బడి నడిపే పద్ధతి పూర్తిగా కొత్తది. అచ్చుయంత్రం, రైలు, తపాలా లేకుండా ఆ మద్రసాను ఊహించలేము. ఉపఖండం నలుమూలల నుంచి ఉత్తరాల ద్వారా ప్రశ్నలు వచ్చేవి, ఫత్వాలు తిరిగి వెళ్ళేవి.

అలీగఢ్ వైపు చూస్తే, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో తహ్జీబుల్ అఖ్లాఖ్ పత్రిక పెట్టి, 1875లో విద్యాసంస్థను ప్రారంభించి, ప్రకృతి నియమాలకు దేవుడి మాట విరుద్ధంగా ఉండదన్న వాదంతో ఖురాన్‌కు వ్యాఖ్యానం రాశాడు. ఆయన ధైర్యం పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఆడపిల్లల విషయంలో, ముందుగా మగవాళ్ళు తగినంతమంది చదువుకుంటే తప్ప స్త్రీల చదువు కుదరదని 1882లో విద్యా కమిషన్ ముందు చెప్పినది ఆయనే. అదే సమయంలో దేవ్‌బంద్‌లో చదివిన సయ్యద్ ముంతాజ్ అలీ, స్త్రీ పురుషుల సమానత్వాన్ని మతగ్రంథాల ఆధారంగానే వాదిస్తూ పుస్తకం రాశాడు. సర్ సయ్యద్ దాన్ని ప్రచురించవద్దని వారించినట్లు చెబుతారు. సర్ సయ్యద్ మరణించిన 1898లోనే ఆ పుస్తకం వెలువడింది. అదే ఏడాది లాహోర్‌లో తహ్జీబె నిస్వాన్ అనే స్త్రీల వారపత్రిక మొదలైంది. దానికి సంపాదకురాలు ముంతాజ్ అలీ భార్య ముహమ్మదీ బేగం. అలీగఢ్‌లో ఆడపిల్లల బడి 1906లో షేక్ అబ్దుల్లా, ఆయన భార్య వహీద్ జహాన్ బేగం పట్టుదలతో వచ్చింది. 1911లో కలకత్తాలో ఎనిమిది మంది బాలికలతో బడి తెరిచిన బేగం రొకేయా స్వయంగా ఏ బడికీ వెళ్ళలేదు. 1920లో అలీగఢ్ విశ్వవిద్యాలయంగా మారినప్పుడు దాని తొలి ఛాన్సలర్ ఒక మహిళ, భోపాల్ పాలకురాలు సుల్తాన్ జహాన్ బేగం. సంప్రదాయం, ఆధునికత అనే రెండు గడుల్లో వీళ్ళందరినీ ఎలా సర్దాలో నాకు తెలియలేదు.

ఆ గడులను మరింత గట్టిగా కదిలించే ఉదాహరణ 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం. దీన్ని పాఠ్యపుస్తకంలో కనీసం ఒక పేజీలోనైనా చెప్పాలని కోరుతున్నాను. సున్నీల నాలుగు న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన, అప్పటి కోర్టులు అనుసరించిన హనఫీ న్యాయం ప్రకారం, భర్త కనిపించకుండా పోయినా, పోషించకపోయినా, భార్యకు విడుదల పొందే మార్గం దాదాపు లేదు. తప్పిపోయిన భర్త సహజంగా బతికి ఉండగల వయసంతా గడిచేదాకా ఆమె ఎదురు చూడాల్సి ఉండేది. మతం వదిలితే మాత్రం వివాహం రద్దవుతుందని కోర్టులు తీర్పు ఇచ్చేవి. దాంతో పంజాబ్‌లో కొందరు స్త్రీలు విముక్తి కోసమే మతాన్ని వదులుతున్నట్లు ప్రకటించారు. ఉలమాలు కలవరపడ్డారు. స్త్రీల నడవడి గురించి అతి నియమబద్ధమైన బిహిష్తీ జేవర్ రాసిన దేవ్‌బంద్ పండితుడు అష్రఫ్ అలీ థానవీయే దీనికి దారి వెతికాడు. ఆయన హిజాజ్‌లో మరో న్యాయ సంప్రదాయమైన మాలికీకి చెందిన పండితులకు రాసి అభిప్రాయాలు తెప్పించుకున్నాడు. అవసరం వచ్చినప్పుడు తమ సంప్రదాయాన్ని దాటి మాలికీ న్యాయాన్ని అనుసరించవచ్చని, తప్పిపోయిన భర్త కోసం నాలుగేళ్ళ గడువు చాలని 1930ల మొదట్లో ప్రకటించాడు. ఆ వాదమే శాసనసభకు చేరి చట్టమైంది. భర్త నాలుగేళ్ళు కనిపించకపోయినా, రెండేళ్ళు పోషించకపోయినా విడాకులు కోరే హక్కు భార్యకు దక్కింది. ఉలమాలు ముస్లిం న్యాయమూర్తులే ఈ కేసులు వినాలని కోరారు, ఆ నిబంధన చట్టంలోకి రాలేదు. మతం మారినంత మాత్రాన వివాహం రద్దు కాదన్న వారి కోరిక మాత్రం చేరింది. ఇందులో ఎవరు అభ్యుదయవాది, ఎవరు ఛాందసుడు? థానవీ తన సంప్రదాయాన్ని కాపాడుకోవడానికే దాన్ని సడలించాడు. చట్టాన్ని మార్పించిన అసలు శక్తి మాత్రం కోర్టు మెట్లెక్కిన ఆ స్త్రీలది. వారి పేర్లు ఏ పట్టికలోనూ లేవు.

కైరో కథ మీ పుస్తకాల్లో కొంత ఉంది కాబట్టి కొద్దిగానే చెబుతాను. 1899లో ఈజిప్టు ముఫ్తీ అయిన ముహమ్మద్ అబ్దుహ్, క్రైస్తవులు కోసిన మాంసం తినవచ్చా, ఐరోపా టోపీ పెట్టుకోవచ్చా అని దక్షిణాఫ్రికా ముస్లింలు అడిగితే 1903లో తప్పులేదన్నాడు. బహుభార్యత్వానికి ఖురాన్ పెట్టిన సమన్యాయం అనే షరతు ఆచరణలో నెరవేరదని వాదించాడు. ఆయన శిష్యుడు రషీద్ రిదా 1898లో పెట్టిన అల్ మనార్ పత్రిక గురువు ఆలోచనలను ఎన్నో దేశాలకు చేరవేసింది. అదే రిదా, అదే పత్రికలో, 1920లలో సవూద్ పాలకులకు గట్టి సమర్థకుడయ్యాడు. ఒకే పత్రిక పాత సంచికలు చదివిన పాఠకుడికి, కొత్త సంచికలు చదివిన పాఠకుడికి వేర్వేరు ఇస్లాంలు దొరికాయి.

ఆ ఆలోచనల ప్రభావం జావా దీవిలో ఎలా పండిందో చూడదగ్గది. యోగ్యకర్తాలో అహ్మద్ దహ్లాన్ తన చిన్న ప్రార్థనామందిరాన్ని లెక్కప్రకారం సరైన మక్కా దిశకు మళ్ళించినందుకు మతాధికారులు దాన్ని కూల్పించారు. పిల్లలను బల్లల మీద కూర్చోబెట్టి నల్లబల్ల మీద పాఠం చెబితే క్రైస్తవులను అనుకరిస్తున్నాడని ఎగతాళి చేశారు. 1912లో ఆయన స్థాపించిన ముహమ్మదియా, 1917లో ఆయన భార్య సితీ వలీదా ఆధ్వర్యంలో ఎదిగిన మహిళా విభాగం ఆయిషియా, నేడు వేలాది బడులు, వందకు పైగా ఆసుపత్రులు నడుపుతున్నాయి. దీనికి ఎదురుగా, నాలుగు న్యాయ సంప్రదాయాలను, సమాధుల దర్శనాన్ని కాపాడుకోవాలన్న పట్టుదలతో 1926లో నహ్దతుల్ ఉలమా పుట్టింది. హిజాజ్ సవూద్ వశం కావడం దానికి తక్షణ కారణం. సంస్కరణను వ్యతిరేకించడానికి పుట్టిన సంస్థే తర్వాత తరాల్లో మత సామరస్యానికి, బహుత్వానికి అండగా నిలిచింది. మన ఉపఖండంలో దర్గాలను, ఉరుసులను సమర్థించిన అహ్మద్ రజా ఖాన్ బరేల్వీ కూడా చదువులేని మూఢుడు కాదు. ఆయన గొప్ప న్యాయపండితుడు, అచ్చుయంత్రాన్ని తన ప్రత్యర్థులంత నేర్పుగానూ వాడినవాడు. సంస్కర్తలు తిరస్కరించిన ఆ భక్తి సంప్రదాయంలో పాట, భాష, ఇతర మతస్థులతో కలిసి మొక్కుకునే చోటు ఉండేవి. సంస్కరణ వల్ల పోయినవాటి లెక్క కూడా పిల్లలకు చెప్పాలి.

రష్యా సామ్రాజ్యంలోని ముస్లింల గురించి చెప్పకుండా ముగించలేను. క్రిమియాలోని బఖ్చిసరాయ్‌లో ఇస్మాయిల్ గాస్ప్రిన్‌స్కీ 1883లో తెర్జుమాన్ పత్రికను, మరుసటి ఏడాది కొత్త పద్ధతి బడిని ప్రారంభించాడు. అక్షరాన్ని శబ్దంతో కలిపి నేర్పితే నలభై రోజుల్లో పిల్లవాడు చదవగలడని నిరూపించి చూపాడు. ఉసూలె జదీద్ అంటే కొత్త పద్ధతి. ఆ మాట నుంచే జదీదులు అన్న పేరు వచ్చింది. 1917 మే నెలలో మాస్కోలో జరిగిన రష్యా ముస్లింల మహాసభకు వందమందికి పైగా మహిళలు ప్రతినిధులుగా వచ్చారు. ఆ సభ ముఖ్లిసా బూబీ అనే ఉపాధ్యాయురాలిని ఖాజీగా ఎన్నుకుంది. ఆమె ఉన్నత స్థాయి మత న్యాయమండలిలో కూర్చుని కుటుంబ వివాదాలు విచారించింది. 1937లో స్టాలిన్ ప్రభుత్వం ఆమెను కాల్చిచంపింది. ఫిత్రత్, చోల్పాన్, అబ్దుల్లా ఖాదిరీ వంటి జదీదు రచయితలను 1938 అక్టోబరులో అదే విధంగా చంపింది. ముస్లిం సమాజాల్లో సంస్కరణ ఎందుకు వేళ్ళూనుకోలేదని అడిగేవారికి ఈ సమాధుల గురించి తెలియాలి.

1924లో టర్కీ ఖిలాఫత్‌ను, అంటే ముస్లిం లోకానికి అధిపతిగా భావించే ఖలీఫా పదవిని, రద్దు చేశాక వివాదం రాజ్యం వైపు మళ్ళింది. కైరోలోని అజ్హర్ విద్యాపీఠం పండితుడు, షరియా న్యాయమూర్తి అయిన అలీ అబ్దుల్ రాజిక్, ఖిలాఫత్ మతం విధించిన వ్యవస్థ కాదని 1925లో రాసి తన పండిత హోదాను పోగొట్టుకున్నాడు. 1928లో ఈజిప్టులోని ఇస్మాయీలియాలో ముస్లిం బ్రదర్‌హుడ్‌ను స్థాపించిన హసన్ అల్ బన్నా బడిపంతులు. 1941లో లాహోర్‌లో జమాతె ఇస్లామీని స్థాపించిన మౌదూదీ పత్రికా రచయిత. బ్రదర్‌హుడ్ ఆలోచనను తీవ్రవాద దిశగా మలిచి 1966లో ఉరికంబమెక్కిన సయ్యద్ ఖుతుబ్ సాహిత్య విమర్శకుడిగా జీవితం మొదలుపెట్టాడు. వీరెవరూ పాత అర్థంలో ఉలమాలు కారు. సామాన్యుడూ గ్రంథం చదవవచ్చన్న ఉద్యమమే వీరికి నోరిచ్చింది. ఆ హక్కుతోనే సమాజంపై తమ అర్థాన్ని రాజ్యబలంతో రుద్దాలన్న ఆశ కూడా పుట్టింది, దాని ఫలితాలు అనుభవించినవారిలో అత్యధికులు ముస్లింలే.

ఆ హక్కునే మరోవైపు వాడినవారు చెల్లించిన మూల్యాన్ని కూడా అదే పేజీలో రాయండి. స్త్రీల హక్కుల కోసం 1930లో పుస్తకం రాసిన ట్యునీషియా యువకుడు తాహిర్ హద్దాద్‌ను అక్కడి జైతూనా మత విద్యాపీఠం పండితులు వెలివేశారు. ఆయన 1935లో, నలభై ఏళ్ళు నిండకుండానే మరణించాడు. 1956లో ఆ దేశం బహుభార్యత్వాన్ని నిషేధించినప్పుడు ఆయన వాదాలే చట్టానికి దారి చూపాయి. సూడాన్‌లో ఖురాన్‌కు కొత్త అర్థం చెప్పిన మహమూద్ ముహమ్మద్ తాహాను 1985లో ఉరి తీశారు. కైరో న్యాయస్థానం 1995లో ఖురాన్ పరిశోధకుడు నస్ర్ హామిద్ అబూ జైద్‌ను మతభ్రష్టుడిగా ప్రకటించి, ఆయన వివాహం చెల్లదని తీర్పు చెప్పింది. భార్యాభర్తలు దేశం విడిచి వెళ్ళారు.

నేను కోరేది పెద్ద పుస్తకం కాదు. ఇప్పుడున్న పన్నెండు పేజీల్లోనే ఆ పట్టికను తీసేసి, దాని చోట 1939 చట్టం కథను, నానా అస్మావు బడిని, దేవ్‌బంద్ చందాల పద్ధతిని వివరంగా చెప్పమంటున్నాను. ప్రతి సంస్కర్త పక్కన ఆయనను ఎదిరించిన పండితుడి వాదాన్ని కూడా ఆ పండితుడి దృష్టితోనే రెండు వాక్యాల్లో రాయమంటున్నాను. స్త్రీలను అధ్యాయం చివర వేరే పెట్టెలో వేయకుండా, వారు ఏ ఉద్యమంలో ఉన్నారో ఆ ఉద్యమం కథలోనే చెప్పమంటున్నాను. ముస్లిం విద్యార్థులు ఈ అధ్యాయం వచ్చినప్పుడు తల దించుకునో, వాదనకు సిద్ధపడో కూర్చోవడం నేను చూశాను. మిగతా విద్యార్థులు తమకు ముందే తెలిసినట్లు తలూపడం కూడా చూశాను. రెండూ నన్ను బాధించాయి, రెండింటికీ కారణం కొంతవరకు ఆ పట్టికే.

ముసాయిదా తయారైతే అచ్చుకు ముందే నా తరగతిలో చదివిస్తాను. పిల్లలు ఎక్కడ ఆగారో, ఏం అడిగారో, ఏ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నారో పేజీల వారీగా రాసి మీకు పంపుతాను. మొదట ఆ ప్రశ్న అడిగిన విద్యార్థిని ఇప్పుడు తానే చరిత్ర చదువుతోంది. అవకాశం ఇస్తే ఆమె చేత కూడా ఒకసారి చదివిస్తాను.

భవదీయుడు,
ఒక చరిత్ర ఉపాధ్యాయుడు